మలుపులో పెట్టిన పొత్రం

ఇటు వచ్చి గోడకు ఆనుకొని కూర్చో, సరిగ్గా విను. ఈ నాయనమ్మ చెప్పింది చెప్పినట్టు రాసుకో, నీ సొంత మాటలు కలపబాక. పోయిన కోతలప్పుడు నువ్వు మీ అమ్మమ్మ ఊళ్ళో ఉన్నావు, అందుకే ఇది నీకు తెలియదు.

మన ఇంటి ముందు నుంచి విడవలూరు పోయే తారు రోడ్డు కోతలొస్తే సగం మనదే. అందరిలాగే నేనూ పొద్దున్నే ఊడ్చి వడ్లు ఆరబోసేదాన్ని. బండ్లు ఎక్కకుండా అంచు పొడుగునా రాళ్ళు పేర్చేవాళ్ళం. ఆసారి నాకు రాళ్ళు చాల్లేదు. పెరట్లో పడి ఉన్న రుబ్బురోలు పొత్రం దొర్లించుకుంటూ పోయి మలుపు దగ్గర నిలబెట్టాను. బాగా కుదిరిందని మురిసిపోయాను కూడా.

ఎదురింటి పిల్ల అప్పుడు తొమ్మిదో తరగతి. హైస్కూలు వేళకు బస్సు లేదు, సైకిల్ లేకపోతే బడి లేనట్టే. ఒంటిపూట బళ్ళు కదా, మిట్టమధ్యాహ్నం తిరిగి వస్తోంది. వెనక నుంచి రొయ్యల లారీ హారన్ కొట్టుకుంటూ వచ్చింది. ఒక పక్క వడ్లు, ఇంకో పక్క లారీ. పిల్ల తప్పుకోబోయి మలుపులో నా పొత్రం రాయికి కొట్టుకొని ఎగిరి పడింది. లారీ ముందు చక్రం దాని జడకు జానెడు దూరంలో ఆగింది. అరుగు మీద నుంచి అంతా చూశాను.

వీధంతా వచ్చి డ్రైవర్ని కిందికి లాగింది. తడ అవతల వాడేమో, తమిళం కలిసిన తెలుగులో ఏదో చెప్పబోతున్నాడు, వినేవాళ్ళు లేరు. పిల్ల తండ్రి మాత్రం కేకలేయలేదు. వంకరపోయిన సైకిల్ ఎత్తి గోడకు ఆనించి, కూతురి వైపు చూసి మెల్లగా అన్నాడు.

"రేపట్నుంచి సైకిల్ లేదు. చదివింది చాలు."

ఆ పిల్ల మోచేతి మీద కారే నెత్తురు కూడా తుడుచుకోకుండా తండ్రినే చూస్తూ నిలబడింది.

నేను ముందుకు పోబోతే మీ నాయన చెయ్యి పట్టుకున్నాడు. "అమ్మా, గమ్మునుండు. తప్పు లారీవాడి మీదికి పోతుంది" అన్నాడు చెవిలో. కాసేపు గమ్మునే ఉన్నాను. ఆ కాసేపు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే. డ్రైవర్ చెంప మీద దెబ్బ పడ్డాక చెయ్యి విడిపించుకున్నాను.

"వాణ్ణి వదలండయ్యా. ఆ రాయి నాది."

పిల్ల తండ్రి నా వైపు తిరిగాడు. "వడ్లకు కాపలా పెట్టినావు పెద్దమ్మా, నా బిడ్డకు దోవ పెట్టలేదే."

పోయి ఆ పొత్రాన్ని మళ్ళీ పెరట్లోకి దొర్లించాను.

మర్నాటి నుంచి ఇల్లిల్లూ తిరిగాను. రాళ్ళు వద్దు, సైకిల్ పోయేంత అంచు వదులుదాం అన్నాను. చివరింటామె నవ్వింది. "నీకు మిద్దె ఉండాది, ఎన్నైనా చెప్తావు. మా వడ్లు నెత్తిన ఆరబోసుకోవాల్నా?" మా మిద్దె మీదికే తెచ్చుకోమన్నాను. తూర్పున మబ్బు పట్టింది, వడ్లు ఇంకా పచ్చి. మీ నాయన గొణుక్కుంటూనే వాళ్ళ మూటలూ మోశాడు. బడి వేళకు మలుపులో ఎర్రగుడ్డ పట్టుకొని నిలబడడానికి ఆడవాళ్ళం వంతులు వేసుకున్నాం. పంచాయతీలో స్పీడు బ్రేకర్ కోసం అర్జీ ఇచ్చాం, అదింకా రాలేదు.

అన్నాళ్ళూ సైకిల్ గోడకే ఉంది. పిల్లను బడికి పంపమని రోజూ పోయి దాని తండ్రిని అడిగేదాన్ని. ఒక పొద్దున ఆయన ఒక్కడే మలుపు దాకా నడుచుకుంటూ పోయాడు, మేం వదిలిన అంచు చూసుకుంటూ. తిరిగొచ్చి హ్యాండిల్ సరిచేయించాడు. సోమవారం పిల్ల సంచీ తగిలించుకొని బయటికొచ్చింది. వెనక క్యారియర్ పట్టుకొని ఆయన. మలుపులో ఎర్రగుడ్డతో నేను. సరిగ్గా అప్పుడే లారీ. గుడ్డ పైకెత్తి ఊపాను. లారీ నెమ్మదించింది, పూర్తిగా ఆగింది. అప్పటిదాకా ఆయన క్యారియర్ వదల్లేదు. వదిలాక పిల్ల నన్ను దాటి పోయింది, బెల్లు కొట్టింది కూడా.

ఈ కోతలకూ నేను నిలబడతాను. కొత్తగా వచ్చిన మూలింటాయన నిన్న రోడ్డు పక్కన నాలుగు రాళ్ళు దించాడు, చూశావా? రేపు పొద్దున్నే పోయి ఆయన్ని, అయ్యా, ఈ రాళ్ళు దేనికని అడుగుతా. అదిగో, మీ అమ్మ అన్నానికి పిలుస్తోంది, పులుసు చల్లారితే మళ్ళీ కోప్పడుతుంది, లే.