గౌతె గొంతు మళ్ళీ అచ్చయిన ఏడాది

ఫ్రాన్సు నుంచి ఆ మొదటి ఉత్తరం వచ్చేనాటికి షూర్‌కి నలభై తొమ్మిదేళ్ళు. నార్వేలో ఓడ్డా మునిసిపాలిటీలో మంచు తోసే బండి నడిపేవాడు. పెళ్ళి చేసుకోలేదు. ఊళ్ళో అతనికి శత్రువులు లేరు, స్నేహితులూ లేరు. ఉన్న ఒక్క స్నేహితుడు ఇరవయ్యొకటో ఏటే పోయాడు.

ఆ స్నేహితుడి పేరు గౌతె. 1995లో ఇద్దరూ కలిసి కార్బైడ్ కర్మాగారం వెనక ఒక నేలమాళిగలో నాలుగు రోజులు కూర్చుని, బ్లాక్ మెటల్ అనే అరుపుల రాక్ సంగీతంలో ఆల్బం ఒకటి రికార్డు చేశారు. డ్రమ్ములు షూర్‌వి. గిటారు, పాటలు, గొంతు చిరిగిపోయేలా ఆ అరుపు, అన్నీ గౌతెవే. బ్యాండుకి రిమ్‌ఫోన్ అని పేరు పెట్టుకున్నారు. ఆ సంగీతం పేరెత్తితే చర్చిలు తగలబెట్టేవాళ్ళే జనానికి గుర్తొచ్చే రోజులవి. వీళ్ళు మాత్రం చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే కిరసనాయిలు పొయ్యి పక్కన వాయించుకున్నారు, అంతే. నూట యాభై క్యాసెట్లు చేసి టపాలో ఎవరెవరికో పంపారు. జవాబు రాసినవాళ్ళు పదిమంది కూడా లేరు.

మరుసటి మార్చిలో గౌతె ఊరి ముందున్న ఫ్యోర్డులో, ఆ సముద్రపు పాయ నీళ్ళలో, శవమై తేలాడు. రేవు గట్టు మీద మంచు గడ్డకట్టి ఉంది కదా, కాలు జారి ఉంటాడన్నారు. పాస్టరు అదే అన్నాడు, పోలీసులూ అదే రాసుకున్నారు. వాళ్ళమ్మ గున్‌వోర్ అదే నమ్మింది. కాదని తెలిసినవాడు షూర్ ఒక్కడే. ఆ ఉదయం అతని టపాపెట్టెలో ఒక కాగితం ఉంది. అందులో గౌతె మూడు వాక్యాలు రాశాడు. చివరిది: అమ్మకి చెప్పకు.

షూర్ చెప్పలేదు. ఇరవై ఎనిమిదేళ్ళు చెప్పలేదు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం గున్‌వోర్ ఇంటికి వెళ్ళి, వెన్నా చక్కెరా రాసిన లెఫ్సె రొట్టె తిని, రెండు కప్పుల కాఫీ తాగి, చలికాలమైతే ఆమె ఇంటి ముందు మంచు ఎత్తిపోసి వచ్చేవాడు. చిన్నప్పటి అలవాటుగా పిన్నీ అనే పిలిచేవాడు. ఆమె గౌతె గురించి మాట్లాడినప్పుడల్లా ఆ పాడు గట్టుకి అప్పుడే ఇనుప కమ్మీలు వేయించి ఉంటేనా, అనేది. అతను తలూపేవాడు.

ఉత్తరం రాసిన మనిషి పేరు లోయిక్. ఎవరికీ పట్టని పాత బ్యాండ్లను వెతికి, వాళ్ళ ఆల్బంలను మళ్ళీ రికార్డులుగా తెస్తుంటాడట. రిమ్‌ఫోన్ క్యాసెట్‌లో ప్రతి క్షణం అతనికి కంఠతా వచ్చు. మూడో పాట మధ్యలో వినిపించే దగ్గు ఎవరిదని అడిగాడు. గౌతెదే. ఆ వారమంతా అతనికి జలుబు. ఆ సంగతి రాస్తుంటే షూర్‌కి చెయ్యి ఆగలేదు. గౌతె గురించి తనను ఎవరైనా ఒక ప్రశ్న అడిగి ఎన్నేళ్ళయిందో. ఉత్తరాలు పొడుగయ్యాయి. మే నెలలో ఒకరోజు పని నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా కూర్చుని, ఆ కాగితం సంగతీ రాసేశాడు. ఇది మన మధ్యే ఉంచమని రాయలేదు. రాయాలని తోచనే లేదు.

రికార్డు సెప్టెంబరులో వచ్చింది. దళసరి నల్ల అట్ట, లోపల ఎనిమిది పేజీల పుస్తకం. గున్‌వోర్ తనకూ ఒకటి కావాలంది.

"అది వినలేవు పిన్నీ," అన్నాడు షూర్.

"విననని ఎవడన్నాడు? మేడ మీద పంది గొంతు కోస్తున్నట్టు అరుస్తుంటే రెండేళ్ళు విన్నదాన్నేగా. వాడి ఫొటో ఉందన్నావు, ఇటు తే."

అతను లోపలి పేజీలు తిప్పి చూడకుండానే ఇచ్చేశాడు. అవి ఇంగ్లీషులో ఉన్నాయి. లోయిక్‌తో ఉత్తరాలకి సరిపడా ఇంగ్లీషు వచ్చినా, అచ్చు పేజీలు చదవడం అతనికి బద్ధకం.

తరవాతి ఆదివారం తలుపు తీసింది గున్‌వోర్ చెల్లెలు బోర్గిల్. ఏళ్ళ తరబడి బెర్గెన్‌లో ఇంగ్లీషు పంతులమ్మగా పనిచేసి వచ్చిన మనిషి. పక్కకి తప్పుకుంది. లోపల బల్ల మీద కప్పులు లేవు. ఆ చిన్న పుస్తకం ఆరో పేజీ దగ్గర తెరిచి ఉంది.

"కూర్చోకు," అంది గున్‌వోర్. "అందులో ఉన్నది నిజమేనా?"

"నిజమే పిన్నీ."

"ఎప్పటినుంచి తెలుసు నీకు?"

"ఆ పొద్దుటి నుంచే."

ఆమె పుస్తకం మూసేసింది. "ఎన్ని ఆదివారాలు వచ్చుంటావురా నువ్వు?"

షూర్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నేను గట్టుని తిట్టుకుంటూ ఉంటే, నువ్వు నా బల్ల దగ్గరే కూర్చుని రొట్టె తిన్నావు."

"వాడే చెప్పొద్దన్నాడు పిన్నీ."

"మరి ఆ ఫ్రెంచాయనకి చెప్పమన్నాడా?"

బోర్గిల్ అతని కోటు తెచ్చి చేతికిచ్చింది.

ఆ పేజీ తీసేయమని షూర్ అదే రోజు లోయిక్‌కి రాశాడు. లోయిక్ మంచివాడే. చాలా బాధపడ్డాడు, చేతులు జోడించినట్టే రాశాడు. ఆ కథ తెలిస్తే జనం గౌతెను ఇంకా ప్రేమిస్తారనుకున్నాడట. కానీ రికార్డులన్నీ పది రోజుల్లోనే అమ్ముడైపోయాయి. రెండోసారి అచ్చు వేసినప్పుడు ఆ పేజీ తీయించాడు. దాంతో ఆ పేజీ ఉన్న మొదటి అచ్చు కోసమే అందరూ ఎగబడ్డారు. జపాను నుంచి, చిలీ నుంచి షూర్‌కి ఉత్తరాలు వచ్చాయి. ఆ కాగితం ఫొటో తీసి పంపుతారా, అని ఒకడు మర్యాదగా అడిగాడు.

గున్‌వోర్ ఫిబ్రవరిలో నిద్రలోనే పోయింది. షూర్ ఈలోపు మూడుసార్లు తలుపు కొట్టాడు. మూడోసారి కిటికీలో తెర కదిలింది, తలుపు తెరుచుకోలేదు. అంత్యక్రియల రోజు చర్చిలో ఆఖరి బెంచీ మీద కూర్చున్నాడు. తరవాత కాఫీల దగ్గర బోర్గిల్ అతని పక్కకొచ్చి నిలబడింది.

"కుర్చీ తిప్పేయించుకుంది, తెలుసా? నీళ్ళు కనబడే కిటికీ దగ్గర ముప్ఫై ఏళ్ళు కూర్చున్న మనిషి. ఈ చలికాలమంతా బీరువాకేసి చూస్తూ కూర్చుంది."

"నా గురించి ఏమైనా అందా?"

"లేదు," అంది బోర్గిల్. చేతిలో కప్పు కింద పెట్టి, "వాడి గురించి కూడా ఏమీ అనలేదు," అంది.

షూర్ ఇప్పుడు ఆదివారాలు కూడా పనికి వెళుతున్నాడు. మిగతావాళ్ళు వద్దన్న డ్యూటీలన్నీ అతనే చేస్తాడు. రికార్డు వచ్చాక ఇంట్లో ప్లేయరు అమ్మేశాడు. మూడో పాటలో ఆ దగ్గు ఎక్కడొస్తుందో అతనికి తెలుసు. దాన్ని వినే ధైర్యం ఇక లేదు.