అనుమతి వచ్చిన మందు

చెన్నకేశవులు డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరై ఆరేళ్లయింది. అయినా రోజూ పొద్దున ప్రొద్దుటూరులో ఏదో ఒక మందుల షాపు ముందు ఆగుతాడు. కళ్లజోడు నుదుటికి నెట్టి, చేతికందిన మాత్రల స్ట్రిప్పును ముక్కు దగ్గరికి తెచ్చుకుని, వెనకనున్న సన్నటి అక్షరాలను పెదవులు కదుపుతూ చదువుతాడు. షాపులవాళ్లు అలవాటుపడి ఏమీ అనరు. ఒకప్పుడు పులివెందులలో అనుమతి లేని సూదిమందు వేయించుకుని చనిపోయిన ముగ్గురిని వరసగా పడుకోబెట్టి ఉండగా చూశాడాయన. ఆ తర్వాత ఎవరెంత బతిమాలినా వినలేదు. జమ్మలమడుగులో ఒక షాపు తనిఖీ చేసినప్పుడు, దువ్వూరులో గొర్రెలు మేపుకునే ఆదిలక్ష్మమ్మ తొమ్మిదేళ్ల కూతురి రక్తపు జబ్బుకని విదేశం నుంచి తెప్పించిన మాత్రలు దొరికాయి. ఇంకా ఆమె చేతికి అందలేదు. మన దేశంలో వాటికి అనుమతి లేదని, ఆదిలక్ష్మమ్మ వచ్చి బతిమాలినా వినకుండా సీజ్ చేశాడు. నాలుగు నెలలకు పాప పోయింది. మరుసటి ఏడాది అనుమతి వచ్చింది.

మొన్న ఆయన ఆ మాత్రల స్ట్రిప్పే పట్టుకుని చదువుతుంటే, మోకాళ్ల నొప్పులకు మందు కోసం వచ్చిన ఆదిలక్ష్మమ్మ పక్కనే నిలబడింది. ఆయన్ను గుర్తుపట్టింది.

"నాకు చదువు రాదు సార్. రక్తపు జబ్బు మందని షాపాయన చెప్పె. ఇది ఆ పొద్దు మీరు పట్టుకపోయిన మందేనా, వేరేదా?"

వేరేదని చెప్పడం ఎంతో తేలిక.

"అదేనమ్మా" అన్నాడు.

"ఇప్పుడు అందరికీ ఇస్తాండారా?"

"ఇస్తాండారు."

ఆమె స్ట్రిప్పు తీసుకుని, రేకు పైనుంచే ఒక్కో మాత్రనూ బొటనవేలితో తడిమింది.

"ఇంత చిన్నవా సార్" అంది. "మా పాప యాడ మింగలేదోనని నేను శానా బయపడ్తాంటి."