ముక్కు మేస్త్రి చూసిన టాంకర్లు

నిండు టాంకరు కంటే ఖాళీ టాంకరే ప్రమాదం. ఈ మాట అంటే బయటివాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి. పెట్రోలు నిండుగా ఉన్న టాంకులో గాలికి చోటుండదు, గాలి లేనిదే మంట లేదు. పెట్రోలంతా దించేశాక మిగిలేది ఆవిరి. అది కంటికి కనపడదు, చేతికి తగలదు, అడుగున చాప వేసుకుని పడుకున్నట్టు ఉంటుంది. దాని మీద ఒక్క నిప్పురవ్వ పడిందా, అంత ఇనుమూ కాగితంలా చీలిపోతుంది. నిండు కుండ తొణకదని పెద్దలు ఊరికే అన్నారా?

అందుకే పగిలిన టాంకర్లు అతికే ఆ వీధిలో ముక్కు మేస్త్రి అంటే అంత విలువ. చూపు మందగించాక వెల్డింగ్ పని కూతురికి అప్పజెప్పి, తను ఒక్క పనే ఉంచుకున్నాడు. నిచ్చెనెక్కి, టాంకు మూత తీసి, లోపలికి తల దూర్చి వాసన చూడడం. కంపు ఎలాగూ ఉంటుంది, నాలుగుసార్లు కడిగినా పోదు. ఆ కంపులో ఏది పాత మరకదో, ఏది ఇంకా బతికున్న ఆవిరిదో చెప్పడమే విద్య. "కానియ్యి" అంటే కూతురు మంట ముట్టిస్తుంది. "ఆగు" అంటే ఆవిరిని తరమడానికి టాంకు నిండా నీళ్లు పట్టాలి, ఆ రోజు పని గంగలో కలిసినట్టే. ముప్పై ఏళ్లలో ఆ ముక్కు ఒక్కసారి తప్పలేదు. మొదట్లో వెక్కిరింతగా పెట్టిన పేరు పోనుపోను బిరుదైంది. మనిషి కూడా తక్కువ తిన్లేదు, కొత్తవాళ్లు పేరడిగితే అసలు పేరు చెప్పడం ఎప్పుడో మానేశాడు.

కిందటేడు వానల్లో వారం రోజులు జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ వాసనని కూడా పట్టుకుపోయింది. సబ్బూ, కాఫీ, ఫినాయిలూ అన్నీ ఒకటే అయిపోయాయి. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. మేస్త్రి ఆ మాట పెళ్లానికి కూడా చెప్పలేదు. మేమైతే చెప్పేవాళ్లం అంటారు మీరు. చెప్పేవారు కాదు లెండి. ఊరంతా మిమ్మల్ని ఒక్క గుణం పేరుతో పిలుస్తుంటే, ఆ గుణం పోయిందని మీరే నోరు తెరిచి చెబుతారా?

మొదట బుద్ధిగానే ఉన్నాడు. వచ్చిన ప్రతి టాంకరుకీ "ఆగు" అనేశాడు. మూడు టాంకర్లకి అలా అన్నాక, నాలుగో బండి యజమాని విసుక్కున్నాడు.

"ఏంటి మేస్త్రీ, అన్నిటికీ నీళ్లేనా? ముక్కు గానీ పోయిందా?"

అతను సరదాకే అన్నాడు. మేస్త్రికి మాత్రం గుండెల్లో రాయి పడింది. మళ్లీ తల దూర్చి, గాలి గట్టిగా పీల్చి, "కానియ్యి" అన్నాడు. కూతురు మంట ముట్టించింది. ఏమీ కాలేదు. అదుగో, ఏమీ కాకపోవడమే కొంప ముంచింది.

ఆ తర్వాత పద్నాలుగు నెలలు అదే తంతు. తల దూర్చడం, ఏమీ తెలియకపోవడం, "కానియ్యి" అనడం. కూతురు పని చేస్తున్నంతసేపూ పక్కనే నిలబడేవాడు. పోతే ఇద్దరం కలిసే పోతాం అనుకునేవాడట. అబ్బో, ఏం ధైర్యం! ఆ అమ్మాయికి బడికెళ్లే పిల్లలిద్దరున్నారన్న సంగతి ఆ ధైర్యంలో ఎక్కడా లేదు. రవ్వలు టాంకు మీద నుంచి జారుతుంటే అతని వీపంతా చెమట పట్టేది. సాయంత్రానికి అన్నం సయించేది కాదు. తెల్లారితే మళ్లీ నిచ్చెన.

వాళ్ల షెడ్డుకి ఎక్కువ బండ్లు తెచ్చేది ఒక డ్రైవరు. మేస్త్రికి పాత స్నేహితుడు, కూతురు అతన్ని బాబాయ్ అంటుంది. బండి తోలుతూ ఫోనులో ఒక బౌద్ధ భిక్షువు ప్రసంగాలు వింటాడు, విన్నది విన్నట్టు టీ దగ్గర వడ్డిస్తాడు. ఆ వారం శూన్యం వంతు వచ్చింది.

"శూన్యం అంటే ఏమీ లేదని కాదు మేస్త్రీ. ఏదీ తనంతట తాను లేదని. నీ సంగతే తీసుకో. కూతురుంది కాబట్టి నాన్నవి. షెడ్డుంది కాబట్టి మేస్త్రివి. ఆ ముక్కుంది కాబట్టి ముక్కు మేస్త్రివి. అవన్నీ ఒక్కొక్కటే తీసేస్తూ పో. చివరికి మిగిలేదేంటో చూపించు."

"అంటే నేను లేనంటావా?"

"ఉన్నావయ్యా బాబూ! కానీ నీ కాళ్ల మీద నువ్వు లేవు. నలుగురి మీదా ఆనుకుని ఉన్నావు. ఆ నలుగురూ ఇంకెవరి మీదో ఆనుకుని ఉన్నారు."

"టీ చల్లారిపోతోంది, తాగు" అన్నాడు మేస్త్రి. తన గ్లాసు తాగకుండానే కింద పెట్టేశాడు. ముక్కు తీసేస్తే మిగిలేదేంటో అతనికి పద్నాలుగు నెలలుగా తెలుసు. నోటి మాట ఒక్కటే మిగిలింది, దాన్ని నమ్ముకుని కూతురు రోజూ నిప్పు ముట్టిస్తోంది.

మర్నాడు ఆ డ్రైవరే ఒక టాంకరు తెచ్చి షెడ్డులో పెట్టి, కాఫీ తాగొస్తానని వీధిలోకి వెళ్లాడు. గాలి బొత్తిగా ఆడని రోజు. షెడ్డు రేకులు కూడా చప్పుడు చేయడం లేదు. ఈసారి పగులు పైన లేదు, టాంకు లోపల గదుల మధ్య ఉన్న అడ్డరేకుకి ఉంది. అంటే కూతురు లోపలికి దిగి పని చేయాలి. పద్నాలుగు నెలల్లో అలాంటి పని రావడం అదే మొదటిసారి.

మేస్త్రి ఎక్కాడు, మూత తీశాడు, తల దూర్చాడు. చీకటి తప్ప ఏమీ తెలియలేదు. అలవాటైన నోరు "కానియ్యి" అనేసింది. కూతురు ముఖానికి గుడ్డ కట్టుకుంది, చేతి తొడుగులు వేసుకుంది, ఒక కాలు లోపల పెట్టింది. అప్పుడు పట్టుకున్నాడు ఆమె చెయ్యి.

"దిగకమ్మా."

"ఏమైంది నాన్నా?"

"నాకు వాసన తెలియట్లేదు. జ్వరం వచ్చినప్పటి నుంచీ ఏ వాసనా తెలియట్లేదు."

కూతురు అరుస్తుందనుకున్నాడు. ఆమె ముఖం మీది గుడ్డ కిందికి లాగి, చిన్నపిల్లాణ్ని చూసినట్టు చూసింది.

"నాకు తెలుసులే నాన్నా. పాలు పొంగి మాడిపోతుంటే స్టవ్వు పక్కనే కూర్చుని పేపరు చదువుకున్నావు చూడు, ఆ రోజే అర్థమైంది."

మేస్త్రి ఆమె చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"తెలిసీ ఎలా ముట్టించావే?"

"అడిగితే నీ మనసు కష్టపడుతుందని ఊరుకున్నా. బాబాయ్ మంచివాడు, బండిని వేడి నీటి ఆవిరి పట్టే యార్డులో పెట్టి శుభ్రం చేయించాకే తెస్తాడు. మిగతా డ్రైవర్లకీ ఆయనే చెప్పి ఉంచాడు. వచ్చిన ప్రతి బండీ తడిగా ఉంటుంది, చూళ్లేదా? అది చూసుకునే ముట్టిస్తున్నా."

మేస్త్రి ప్రాణం లేచి వచ్చింది. ఇన్నాళ్లూ తన అబద్ధానికి కింద ఎవరో చెయ్యి అడ్డం పెట్టారన్నమాట! అతనికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. నిచ్చెన దిగుతూ, అప్పుడే తిరిగొస్తున్న డ్రైవర్ని చూసి చెయ్యి ఊపాడు.

"నీ రుణం తీర్చుకోలేనిదిరా! ఆవిరి పట్టించి తెచ్చి మా ప్రాణాలు నిలబెట్టావు."

డ్రైవరు నడుస్తున్నవాడు ఆగిపోయాడు. ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు.

"ఆవిరా? అక్కడ పూటంతా వరసలో నిలబడాలి. నేను మానేసి రెండేళ్లు దాటింది. దారిలో పైపైన నీళ్లు కొట్టించి తెస్తున్నా. ఎలాగూ నువ్వు చూస్తావుగా మేస్త్రీ, నీ ముక్కుండగా ఆవిరెందుకు అనుకున్నా."

పైన పటారం, లోన లొటారం అంటే ఇదే కదండీ. కూతురు టాంకు మీద అలాగే కూర్చుండిపోయింది. ఒక కాలు ఇంకా లోపలే ఉంది. ఉన్నట్టుండి, ఏదో కరిచినట్టు ఆ కాలు బయటికి లాక్కుంది.

డ్రైవరు దగ్గర్లోని పెట్రోలు డిపోకి పరుగెత్తి, పెట్రోలు ఆవిరి కొలిచే మీటరు అడిగి తెచ్చాడు. కూతురే దానికి తాడు కట్టి లోపలికి వదిలింది. సగం కూడా దిగకముందే మీటరు కీచుమని మొదలుపెట్టింది. ఇంకా దించితే ఇంకా గట్టిగా అరిచింది. పైకి తీసినా, ఆ చప్పుడు ముగ్గురి చెవుల్లోనూ ఆగలేదు.

మేస్త్రి పాత టైరు మీద కూలబడ్డాడు. డ్రైవరు తన మీద ఆనుకున్నాడు. కూతురు డ్రైవరు మీద ఆనుకుంది. తనేమో నిన్న ఏమీ కాలేదు కదా అన్న దాని మీద ఆనుకున్నాడు. ఎక్కడా నేల లేదు. పద్నాలుగు నెలల పాటు, ఇన్ని టాంకర్ల మీద, ముగ్గురూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని ఉత్త గాలిలో నిలబడ్డారు. ఏ టాంకరుకి మూత రాత్రంతా తెరిచి ఉందో, ఏ రోజు గాలి కాస్త వీచిందో, ఎందుకు బతికిపోయారో ఎవరికీ తెలియదు. టీ గ్లాసు పట్టుకుని నాలుగు ముక్కలు చెబుతుంటే శూన్యం ఎంత బాగుంది! ఒంటికి తగిలేసరికి డ్రైవరు కూడా టాంకుకి దూరంగా జరిగాడు.

కూతురు కిందికి దిగి వచ్చింది. తొడుగులు తీసింది.

"ఒక్కటి చెప్పు నాన్నా. ఈ రోజు భయమేసిందా?"

"వేసిందమ్మా. నువ్వు లోపలికి దిగుతుంటే చాలా భయమేసింది."

"మరి మిగతా రోజుల్లో వేయలేదా?"

ఇక్కడ మేస్త్రి అబద్ధం చెప్పి ఉండొచ్చు. చెప్పినా ఆమె నమ్మేది, కూతుళ్లు నమ్ముతారు. కానీ అతనికి అబద్ధాలు అయిపోయాయి.

"రోజూ వేసింది" అన్నాడు.

"రోజూ భయపడుతూనే కానియ్యి అన్నావా?"

జవాబు కోసం ఆగకుండా ఆమె నీళ్ల పైపు తెచ్చి టాంకులో వేసి కుళాయి తిప్పింది. మేస్త్రి లేచి పైపు జారకుండా పట్టుకోబోయాడు.

"నువ్వు ముట్టుకోకు" అంది. కోపంగా కూడా అనలేదు.

ఇప్పుడు షెడ్డులో సొంత మీటరుంది. డ్రైవరు ప్రతి బండికీ వరసలో నిలబడి ఆవిరి పట్టించుకొస్తున్నాడు, ప్రసంగాలు చెప్పడం మాత్రం మానేశాడు. వీధిలో అందరూ ఇంకా ముక్కు మేస్త్రి అనే పిలుస్తారు, అతనూ పలుకుతాడు. కూతురు అతన్ని ఏ లోటూ లేకుండా చూసుకుంటుంది, మందులు తనే తెస్తుంది, ఎండగా ఉంటే నీడకి రమ్మంటుంది. మధ్యాహ్నం అతను ఇంటికి వెళ్లాక ఫోను చేసి భోంచేశావా అని అడుగుతుంది. చేశానమ్మా అంటాడు. ఆమె ఫోను పెట్టేసి, వెంటనే తల్లికి చేసి, నాన్న నిజంగా తిన్నాడా అని అడుగుతుంది.