బూడిద రంగు గీత

మా అక్కకి ఇంట్లో మేం పెట్టుకున్న పేరు తప్పులక్క. ఎవరైనా కబుర్లలో పడి ఏదైనా చెబుతుంటే మధ్యలో ఆపి, "అది మంగళవారం కాదు, బుధవారం" అంటుంది. గోడమీది పటం వెంట్రుకవాసి ఒరిగినా దాన్ని సర్దేదాకా భోజనానికి కూర్చోదు. అలాంటి మనిషికి దొరికిన ఉద్యోగం చూడండి. కంప్యూటర్ ప్రోగ్రాంలు రాసేవాళ్ళు వాడుకునే ఎడిటర్‌ని తయారుచేసే కంపెనీలో పని. రాసినదాంట్లో తప్పుంటే దాని కింద ఎర్రగీత గీస్తుంది ఆ ఎడిటర్. ఎక్కడ గీయాలో దానికి నేర్పేది మా అక్క. జీతమిచ్చి మరీ తప్పులు పట్టమన్నారు, ఇంక ఆవిడకి పట్టపగ్గాలుంటాయా?

మా అన్నయ్య భార్య, అంటే మా వదిన, వేరే రకం. నాటకశాలలో లైట్లు నడుపుతుంది. ఏ సైగకి ఏ లైటు వెలగాలో, ఎంత మెల్లగా ఆరాలో ఒక చిన్న స్క్రిప్టింగ్ భాషలో రాసిపెడుతుంది. ఆ భాషలో వాడబోయే పేర్లన్నీ ముందే రాసిపెట్టి తీరాలనే రూలు లేదు. ప్రోగ్రాం నడుస్తుండగా కావలసిన పేరు అప్పటికప్పుడు పుట్టించుకోవచ్చు. వదిన స్వభావానికి సరిగ్గా సరిపోయింది. చిక్కల్లా ఒకటే. ఆ భాష ఏ ఎడిటర్‌కీ రాదు. తప్పు రాస్తే తెలిసేది ప్రదర్శన మధ్యలోనే.

ఒకసారి అలాగే తెలిసింది. ఒక నాటకంలో రాణి ఏడుస్తుండగా వేదికంతా చీకటైపోయింది. పాపం, ఆవిడ ఏడుపంతా చీకట్లోనే కానిచ్చింది. దర్శకుడు వదినని పిలిచి, కొత్త నాటకంలో మళ్ళీ ఇలా జరిగితే చేత్తో మీటలు నొక్కే మనిషిని పెట్టుకుంటానని మొహం మీదే చెప్పేశాడు. వదిన ఆ సంగతి మాకు నవ్వుతూనే చెప్పింది గానీ కంచంలో అన్నం అలాగే ఉండిపోయింది. ఆ పనంటే ఆమెకి ప్రాణం.

"నీ భాషని మా ఎడిటర్‌కి నేను నేర్పుతాను వదినా," అంది అక్క.

మర్నాడు ఆఫీసులో అడిగితే మేనేజర్, "ఆ భాష ఎవరు వాడతారమ్మా?" అన్నాడట.

"మా వదిన."

ఆయన నవ్వి, చేతిలో పనులకి అడ్డం రాకుండా చేసుకోమన్నాడు. అక్కకి ఆ మాత్రం సందిస్తే చాలు.

కొన్ని వారాలకి అక్క తన ఎడిటర్‌ని వదిన ల్యాప్‌టాప్‌లో పెట్టింది. కొత్త నాటకం ఫైలు తెరిస్తే తెరంతా దద్దుర్లు లేచినట్టు ఎర్రగీతలు. వదిన మొహం మాడిపోయింది. అయినా మా అక్క తప్పంటే తప్పే కదా, మా ఇంట్లో ఎదురు చెప్పిన వాళ్ళెవరు! వదిన పాత ఫైలు పక్కన దాచుకుని, గీత కనబడ్డ ప్రతిచోటా మార్చుకుంటూ పోయింది. ఎర్రగీతలన్నీ పోయాయి. రిహార్సల్లో మీట నొక్కితే లైట్లు కూడా పోయాయి. ఒక్కటంటే ఒక్కటి వెలగలేదు.

ఇంటికి రాగానే వదిన ల్యాప్‌టాప్ అక్క ముందు పెట్టింది.

"ఈ కిటికీ లైటు పేరు కింద గీత గీశావు. తప్పని నీకెలా తెలుసు?"

"ఆ పేరు ఫైల్లో ఎక్కడా లేదు వదినా."

"ఎందుకుంటుంది? నాటకం నడుస్తుండగా తయారవుతుంది. అప్పటిదాకా నీకు తెలియదు, అంతే. తెలియకపోతే తెలియదను. తప్పని ఎందుకంటావు?"

నాకు లేచి చప్పట్లు కొట్టాలనిపించింది. ఇన్నేళ్ళూ మా అందరి గొంతులో అడ్డం పడ్డ మాట అది. మర్నాడు అక్క సెలవు పెట్టి నాటకశాలకి వెళ్ళి, లైట్ల గదిలో వదిన పక్కన కూర్చుంది. వేదిక పక్కనుండే మనిషి సైగల బల్లమీద మీట నొక్కడం, ఆ సైగ వదిన ప్రోగ్రాంకి చేరడం, దాన్నిబట్టి లైటు మారడం, అన్నీ నోరు కట్టేసుకుని చూసింది. అక్కకి అదే పెద్ద శిక్ష.

ఆ తర్వాత ఎడిటర్, బల్లమీద ఏయే సైగలున్నాయో కూడా చదవడం నేర్చుకుంది. కచ్చితంగా తప్పని తేలినచోట ఎర్రగీత. తేల్చుకోలేనిచోట బూడిద రంగు గీత.

"తెలియదని చెప్పుకునే ఎడిటర్‌ని ఎవరు కొంటారండీ?" అన్నాడట పక్క సీటాయన.

"అబద్ధాలు చెప్పేదాన్ని ఇన్నాళ్ళూ కొన్నారుగా," అందట అక్క.

వదిన దాచుకున్న పాత ఫైలు మళ్ళీ తెరిచారు. ఎర్రగీతలు చాలావరకు మాయమయ్యాయి. రెండో అంకంలో మాత్రం ఒకటి మిగిలింది. అక్కడ లైట్లన్నీ ఆర్పి, వాన సైగ కోసం ఆగమని రాసి ఉంది.

"అమ్మో! వాన సీను ఈమధ్యే తీసేశారు కదా," అని వదిన తలపట్టుకుంది. బల్లమీద ఆ సైగే లేదు. రాని వాన కోసం ప్రోగ్రాం కూర్చుంటే వేదిక చీకట్లో ఉండిపోయేది. ఆ వరస తీసేశాక కిటికీ లైటు కింద బూడిద రంగు గీత ఒక్కటే మిగిలింది.

"మరి ఇదీ?" అంది అక్క.

"ఇది నాకు తెలుసులే."

అక్క చెయ్యి కీబోర్డు దాకా వెళ్ళి వెనక్కొచ్చింది.

మొదటి ప్రదర్శనకి అక్కా నేనూ చివరి వరసలో కూర్చున్నాం. వదిన పైన గాజుగదిలో ఉంది. రిహార్సల్లో అన్నీ బాగానే వెలిగాయి. ఆ మాటకొస్తే రాణి నాటకానికీ రిహార్సల్లో బాగానే వెలిగాయి. రెండో అంకంలో వేదికంతా చీకటైంది. అందులోనే ఒక ముసలమ్మ తడుముకుంటూ కిటికీ వైపు నడిచింది.

"వెలుగుతుందంటావా?" అన్నాను అక్క చెవిలో.

"తెలియదే," అంది.

ఆ మాట మా అక్క నోట వినడం నాకు అదే మొదలు. నా చెయ్యి నొప్పిపుట్టేలా పట్టుకుంది. నాకూ భయం వేసింది.

కిటికీలో వెలుగు మెల్లగా పాకింది, ముందు అంచుల్లో, తర్వాత ముసలమ్మ మొహం మీద. ముందు వరసలో దర్శకుడు వెనక్కి తిరిగి గాజుగది వైపు చెయ్యెత్తాడు. అక్క ఏడ్చేసింది. నేనూ ఆపుకోలేకపోయాను.

చప్పట్లు సద్దుమణిగాక అక్క చీరచెంగుతో ముక్కు తుడుచుకుని నా వైపు వంగింది.

"కిటికీ చట్రం కాస్త ఎడమకి ఒరిగింది, చూశావా?"

చూశాను. తిన్నగానే ఉంది. అయినా ఆ పూటకి ఒరిగిందనే అన్నాను ఆవిడతో.