విమానం అడిగిన గొడుగులాయన

గొడుగులు బాగుచేసే ఆయనకి కోతలు కొయ్యందే చెయ్యాడదు. వంగిన గొడుగు ఊచని పంటితో పట్టుకునే, గాలివానలో గొడుగుతో సహా ఎగిరి మేడ మీద దిగానని చెప్పేవాడు. ఆయనకున్న ఒక్క నిజమైన గొప్ప, భార్య ముద్దుపేరుతో పెట్టుకున్న వెబ్‌సైటు. అదే పేరుతో సరుకులమ్మే పెద్ద కంపెనీ ఆ చిరునామా తమదంటే, "విమానం కొనిపెట్టండి, ఇచ్చేస్తా" అని జవాబు రాశాడు. కంపెనీ ఆ జవాబు పట్టుకెళ్ళి చూపిస్తే, వెబ్‌సైటు పేర్ల తగువులు తీర్చేవాళ్ళు నవ్వలేదు. బేరం పెట్టాడు కాబట్టి అమ్ముకోడానికే పేరు పట్టుకున్నాడని తేల్చి, కంపెనీకి ఇచ్చేశారు.

"వేళాకోళానికి అన్నానే," అన్నాడు భార్యతో.

"నాకు తెలుసండీ. వాళ్ళకేం తెలుసు?" అందావిడ.

ఇప్పటికీ కోతలు కోస్తాడు. కాకపోతే ప్రతిదాని చివరా, "ఊరికే అన్నాను సుమండీ" అని కలుపుతాడు. ఎవరికీ నవ్వు రావడం లేదు.