నాగక్కకు అర్థమైన కూతలు

పినపాక దగ్గర అడవి అంచు గూడెంలో నాగక్క చెవులకు పెద్ద పేరు. బడి ముఖం చూడలేదు గానీ, ఏ కూత ఏ పిట్టదో, ఏ అలికిడి ఏ జంతువుదో కళ్లు మూసుకుని చెప్పేది. తేనె పట్టే తండ్రి హేమ్లా వెంట చిన్నప్పుడు అడవంతా తిరిగి నేర్చిన విద్య అది. పెళ్లయ్యాక టౌనులోని ఒక దవాఖానా ల్యాబులో ఊడ్చి, తుడిచి, పరీక్షల కోసం ఉంచిన జంతువులకు మేత వేసే పనిలో కుదిరింది.

1986 వానాకాలంలో అక్కడ జంతువుల మీద పరీక్షలు ఆపేశారు. చివరికి రెండు గినీ పందులు మిగిలాయి. పేరుకే పందులు. తోక లేకుండా, పొట్టి కాళ్లతో కుందేలు పిల్లంత ఉంటాయి. ఒకటి తెల్లది, ఒకటి మచ్చలది. రెండూ ఆడవే.

"వీటిని ఎవరికైనా ఇచ్చేయమన్నారు. నువ్వు తీసుకెళ్తావా నాగక్కా?" అంది ల్యాబు డాక్టరు పద్మావతమ్మ.

ఆమె మాట పూర్తికాకముందే నాగక్క బుట్ట పట్టుకొచ్చింది.

ఇంటి వెనక పంచలో ఆమె భర్త జంపయ్య వెదురు తడికెలు కట్టాడు. మూడు రోజులు అవి ఓ పక్క ఎత్తిపెట్టి బోర్లించిన గంప కింది నుంచి బయటికే రాలేదు. కిక్కురుమనలేదు.

"ఏందే, మూగవాటిని తెచ్చినవ్?" అన్నాడు జంపయ్య.

"మూగవి కావు, బెదిరినయ్. కొత్త కోడలు వచ్చిన నాడే ముచ్చట్లు పెడతదా?"

నాలుగో రోజు పొద్దున నాగక్క గరిక కోసుకొచ్చి సంచి విప్పగానే గంప కింద నుంచి "కుయ్య్! కుయ్య్!" అని ఈలలాంటి కూత. నాగక్క సంచి అక్కడే పడేసి మొగుణ్ని కేకేసింది. "విన్నవా? మేత కోసం పిలుస్తున్నయ్!"

ఆనాటి నుంచి ఆమె సంబరం చెప్పతరం కాదు. వీపు నిమిరితే గొంతులో సన్నగా గురగుర. అది హాయి. జంపయ్య గబాలున చెయ్యి పెడితే పళ్లు కటకట. "చెయ్యి తియ్యి, కోపమొచ్చింది దానికి!" అని అరిచేది. పైన డేగ కూసిందంటే రెండూ రాతి బొమ్మల్లా బిగుసుకుపోయేవి.

ఒక సాయంత్రం తెల్లది ఉన్నట్టుండి నిలువునా ఎగిరి, గాల్లోనే మెలి తిరిగి, కింద పడి, తల విదిలించి మళ్లీ ఎగిరింది. చూస్తుండగానే మచ్చలదీ అంతే.

"అయ్యో, మూర్ఛ!"

రెండింటినీ బుట్టలో వేసుకుని, కదులుతున్న బస్సును ఆపించి, పద్మావతమ్మ క్వార్టరు తలుపు బాదింది. డాక్టరమ్మ వాటి కళ్లు చూసింది, పొట్ట తడిమింది, జామ ముక్క పెట్టింది. రెండూ కరకరా నమిలేశాయి.

"నలతగా ఉంటే ఇలా తినవు నాగక్కా. ఎగిరే ముందు నువ్వేం చేశావు?"

"తడికెలు జరిపి జాగ పెద్దగ చేసిన. పచ్చి గడ్డి ఏసిన. గంతే..." అంటూనే నాగక్క ఆగిపోయింది. ఆమె ముఖం వెలిగిపోయింది. "మేడం! మేకపిల్లలు పాలు తాగినంక గంతులేస్తయ్ గద, గిది గదే! మూర్ఛ కాదు, సంబరం!"

పద్మావతమ్మ బుట్టలోకి వంగి రెండింటినీ మళ్లీ చూసింది. "పన్నెండేళ్లుగా ఈ జాతిని చూస్తున్నాను. ఒక్కటి ఎగరడం కూడా చూడలేదు."

"మీ బోన్ల ఎగరనీకి జాగేడిది మేడం?"

ఆ ఆదివారం డాక్టరమ్మ గూడేనికి వచ్చింది. కదలకుండా కూర్చోమని నాగక్క గట్టిగా చెప్పింది. చాలాసేపటికి మచ్చలది బయటికొచ్చి, ముక్కు ఎగబీల్చి, ఒక్కసారిగా పైకి ఎగిరింది. పద్మావతమ్మ పట్టలేక చప్పట్లు కొట్టింది. అది తుర్రుమని గంప కిందికి దూరింది.

"కదలొద్దంటి గద మేడం!" అని నాగక్క కసిరి, మరుక్షణమే నాలుక కరుచుకుంది. డాక్టరమ్మ మాత్రం కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది.

మచ్చలది ల్యాబులో మగవాటితో కలిసి ఉన్నప్పుడే చూలు కట్టిందని తర్వాత తెలిసింది. ఇంటికి తెచ్చి నెలన్నర తిరగకముందే మూడు పిల్లల్ని పెట్టింది. ఒంటి నిండా బొచ్చు, తెరిచిన కళ్లు! పుట్టిన పూటే తల్లి వెంట పరుగులు తీస్తుంటే గూడెమంతా కదిలొచ్చింది. తడికె ముందు చేతులు చాచి నిలబడ్డ నాగక్క అందరినీ ఒక్కటే బతిమాలింది.

"జర సప్పుడు చెయ్యకుండ్రి. తల్లి ఏమంటున్నదో విననీయుండ్రి!"