కాస్త పైకెత్తు మామా

ఇది వీరగాథ. ఇందులో తుపాకులున్నాయి, జెండా ఉంది, కొండ శిఖరాన ప్రాణాలొదిలే సిపాయి ఉన్నాడు. కాకపోతే అవన్నీ అరకు సంత వెనక వీడియో హాల్లో, ఇరవై ఒక్క అంగుళాల టీవీలో జరిగాయి. నా వంతుకి మిగిలింది ఒక గొడ్డలి, ఒక ఫొటో.

అప్పట్లో నేను ఒక పేపరుకి వార్తలు పంపేవాణ్ణి. కాఫీ తోటల మీద రాయాలని ఎగువూరి రైతుని ఫొటో తీశాను. నీడచెట్ల కొమ్మలు కొట్టే గొడ్డలి ఆయన భుజాన ఉంది. మేష్టారి జేబులో పెన్నున్నట్టు, కొండమీద మగాడి భుజాన గొడ్డలుంటుంది. "కాస్త పైకెత్తు మామా, బావుంటుంది" అన్నాను. ఎత్తాడు. బావుంది కూడా. కాఫీ వార్త పడలేదు. ఫొటో మాత్రం కొన్నాళ్ళకి 'అడవిలో సాయుధుల కదలికలు' అనే వార్త పక్కన పడింది. అప్పట్నుంచి మామ వారం వారం పోలీస్ స్టేషన్లో వేలిముద్ర వేస్తున్నాడు.

సంతలో ఆయన్ని చూసి వీడియో హాల్లో దూరాను. ఆయనా టికెట్టు కొని నా పక్కనే కూర్చున్నాడు.

సినిమాలో సిపాయిలు కొండ గెలిచి జెండా పాతారు. వెంట వచ్చిన విలేకరి, వెలుతురు చాల్లేదని పీకించి మళ్ళీ పాతించాడు. ఈసారి గుండు తగిలి ఒకడు పడిపోయాడు. విలేకరి ఫొటోలు తీస్తూనే ఉన్నాడు. హాలంతా ఈలలు.

బయట టీ దగ్గర ఉప్పు సావుకారు "దేశభక్తంటే అదీ!" అన్నాడు.

"ఎలక్షన్లకి తీసిన సినిమా అది. సచ్చింది సిపాయి, ఓట్లు ఇంకోడికి," అన్నారు స్కూలు మేష్టారు.

నేనూ తక్కువ తినలేదు. "ఆ విలేకరి పాత్ర ప్రతీకాత్మకం" అన్నాను.

"అదేటో నాకు తెల్దు బాబూ," అన్నాడు మామ. "ఆడు జెండా మళ్ళీ ఎత్తమన్నాడు. నువ్వు గొడ్డలెత్తమన్నావు. తరవాత ఆ సచ్చినోడి ఇంటికి ఆడెల్లాడేటి?"

"సినిమాలో చూపించలేదు మామా."

"ఎల్లుంటే సూపించీవోరు. పేపర్లో వచ్చింది పేపర్లోనే పోవాలంటన్నాడు ఎస్సైబాబు. బేగి రాయి."

టీ గ్లాసు పక్కన పెట్టాను. ఎస్టీడీ బూత్‌కెళ్ళి పేపరాఫీసుకి ఫోన్ చేశాను.

"సవరణ వేస్తాం," అన్నాడు డెస్కు ఆయన. "కానీ గొడ్డలి ఎత్తించిందెవరు? మేం కాదుగా?"

ఇక్కడ జోకు వెయ్యాలని చూశాను. రాలేదు. "నేనే" అన్నాను.

"అదీ రాస్తాం. ఎల్లుండి, నాలుగు లైన్లు."

ఆ ఎల్లుండి మామ పొద్దున్నే స్టేషనుకి, ఈసారి రైలు స్టేషనుకి, నడిచొచ్చాడు. గొడ్డలి ఇంట్లో వదిలేసి వచ్చాడు. ఖాళీ భుజాన్ని మాటిమాటికీ తడుముకుంటున్నాడు. నేను ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరికి తిరుగుతున్నాను. పేపరు రాగానే తిన్నగా ఎస్సై దగ్గరికి వెళ్ళాలి.

మాకు పేపర్లు విశాఖ పాసింజర్లో వస్తాయి. ఆ రోజు సొరంగం దగ్గర బండలు పడి రైలు రద్దు చేశారు. రద్దయిన రోజు పేపర్లు మర్నాడు పంపరు.